మా గోడ మీద బాతులు

సోమవారం. పొద్దున పోటు, గాలి లేదు.

నీళ్ల ప్లాంటులో మాకొక పద్ధతి ఉంది. ఏ యంత్రమైనా తిక్కతిక్కగా చేస్తే, మెకానిక్‌ని పిలిచేముందు అదేం చేసిందో ఒకచోట రాసి పెట్టుకోవాలి. లేకపోతే మెకానిక్ వచ్చేసరికి యంత్రం బుద్ధిగా పనిచేస్తుంది, మనమే పిచ్చివాళ్లలా కనిపిస్తాం. నేను ప్లాంటుకి వెళ్లి చాలాకాలమైంది. ‘ఇంట్లో ఉండి కోలుకోండి’ అన్నారు. అయినా అలవాటు పోలేదు. మా ఇంట్లో గడప చెడిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఈ రోజు మా అమ్మాయి తరంగిణిని బడి పడవ ఎక్కించి... కాదు, తరంగిణి బడి పడవ ఎక్కి వెళ్లాక, నేను గోడ మీద బొమ్మ వేసుకుని కూర్చున్నాను. సముద్రపు కట్ట ప్రమాదం మీద విచారణ మొదలయ్యే రోజు. నీళ్ల మీద తేలే దిమ్మెల మీద ఇళ్లు కట్టుకున్న మా దిమ్మెలపాలెంలో ప్రతి ఇంట్లోనూ అదే చూస్తున్నారు. మెరక మీది ఊరి నుంచి ప్రసారం. జడ్జిగారు వచ్చి కూర్చున్నారు. కళ్లజోడు తుడుచుకున్నారు. ఆమె నోరు తెరిచేసరికి బాతులొచ్చాయి.

పిల్లలున్న ఇళ్లవాళ్లందరికీ బాతులు తెలుసు. పిల్లలు చూడకూడనిది ఏదైనా గోడ మీదికి వస్తే, గుమ్మం పైనున్న నల్లపలక, దాన్నే మేం గడప అంటాం, ఆ బొమ్మని ఆపేసి దాని బదులు చెరువులో ఈదే బాతుల్ని చూపిస్తుంది. ముందు తల్లి బాతు, వెనకాల పిల్లబాతులు, సన్నటి పిల్లనగ్రోవి పాట. పిల్ల గదిలోంచి వెళ్లిపోగానే బాతులూ వెళ్లిపోతాయి. తరంగిణి చిన్నప్పుడు బాతులొస్తే కాళ్లు కొట్టుకుని ఏడ్చేది. వెంకన్నబాబు దాన్ని చంకనేసుకుని వరండాలోకి తీసుకుపోతే, నేను నా సీరియల్ చూసుకునేదాన్ని.

కానీ ఈ రోజు ఇంట్లో పిల్ల లేదు. నేనొక్కదాన్నే ఉన్నాను. మంచం కింద కూడా చూశాను, పక్కింటి పిల్లలెవరైనా దూరారేమోనని. ఎవరూ లేరు. స్టూలెక్కి గడపని తడిగుడ్డతో తుడిచాను. ఉప్పుగాలికి తెల్లటి పొర పట్టి ఉంది. తుడిచి వచ్చి కూర్చున్నాను. బాతులు ఈదుతూనే ఉన్నాయి.

వెంకన్నబాబు నా భర్త. కట్ట మీద లాకు కాపలా ఉద్యోగం. ఎండాకాలం చివర వచ్చిన తుఫానులో లాకు గదిలో చనిపోయాడు. ఎలా చనిపోయాడో నాకెవరూ సరిగ్గా చెప్పలేదు. నిద్రపోయాడన్నారు కొందరు. తలుపు వెయ్యడం మరిచిపోయాడన్నారు. ఊరిని కాపాడాడని కూడా అన్నారు. ఏది నమ్మాలో తెలియక, విచారణ కోసం కూర్చున్నాను. అందులోనూ బాతులే.


మంగళవారం. పాటు. దిమ్మె కొంచెం పడమటికి ఒరిగింది.

గడప ఇంకా ముదిరింది. విచారణ ఎలాగూ రావడం లేదు కదా అని సీరియల్ పెట్టుకున్నాను. అత్త కోడలి మీద చెయ్యెత్తగానే బాతులు. వంటల కార్యక్రమం పెట్టాను. వంటమనిషి బతికున్న పీతని పట్టుకుంది, కత్తి తీసింది, బాతులు. ఆ కత్తి మళ్లీ కిందపెట్టేదాకా పీత కథేమైందో తెలియలేదు. ఆఖరికి నేనేమీ అడగకుండానే గోడ తనంతట తనే తోలుబొమ్మల పాట పెట్టింది. కుందేలు ముల్లంగి ఎలా పండించిందో చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, ఆ పాట బాగానే ఉంది.

సాయంత్రం ఇంకో వింత. దీపాలు పెట్టే వేళకి గడప మాట్లాడింది. దానిది ముసలమ్మ గొంతు. పిల్లల్ని నిద్రపుచ్చేటప్పుడు తప్ప ఆ గొంతు వినపడదు.

“గోడ చూసింది చాలు తల్లీ. కాసిని మంచినీళ్లు తాగి కాళ్లు చాపుకో.”

తరంగిణితో అంటోందనుకున్నాను. అది నా వెనక పీట మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. గోడవైపు చూడనే లేదు.

“నిన్నే అంటోంది” అన్నాను.

తరంగిణి పెన్సిలు కిందపెట్టి నావైపు చూసింది. లేచి వెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చింది. ఆ నీళ్లు నా చేతికిచ్చింది.


బుధవారం. పోటు. చినుకులు.

మెకానిక్ ప్రేమ్‌దాసు తన చిన్న పడవలో వచ్చాడు. ఈ పాలెంలో గడపలన్నీ అతనే చూస్తాడు. నేను రాసుకున్నదంతా చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నాడు. నిచ్చెనేసుకుని పలక విప్పి లోపల ఊది, మళ్లీ బిగించాడు.

“శుబ్బరంగా ఉందండి. ఏ రోగమూ లేదు.”

“మరి బాతులెందుకొస్తున్నాయి? ఇంట్లో పిల్ల లేనప్పుడు కూడా?”

“ఎవరి ముందు రావాలో వాళ్ల ముందే వత్తన్నాయండి.”

“నా ముందొస్తున్నాయి ప్రేమ్‌దాసూ.”

“ఆయ్” అని నిచ్చెన మడిచాడు. నా మొహంలోకి చూడడం లేదు.

“అంటే?”

“అంటే నేను సెప్పకూడదండి. ఇంటిపెద్దకి తప్ప ఎవరికీ సెప్పకూడదని మాకు రూలు.”

“ఇంటిపెద్దని నేనే కదా. వెంకన్నబాబు పోయాక ఇంకెవరున్నారు?”

అతను నిచ్చెన భుజాన వేసుకుని, దించి, మళ్లీ వేసుకున్నాడు. “అదేనండి నేను సెప్పలేంది” అన్నాడు.

అప్పుడే బడి పడవ వచ్చింది. తరంగిణి తడుస్తూ మెట్లెక్కింది. ప్రేమ్‌దాసు దాన్ని చూసి ఊపిరి పీల్చుకున్నాడు. నాకది విచిత్రంగా తోచింది. “పాపగారూ, పని అయినట్టు ఓపాలి చెయ్యెయ్యండి” అన్నాడు. తరంగిణి తడి చెయ్యి గౌనుకి తుడుచుకుని గోడ మీద పెట్టింది. గోడ పచ్చగా మెరిసింది.

“బాగానే ఉందండి. మీరు వెళ్లి రండి” అంది తరంగిణి. పదకొండేళ్ల పిల్ల.

అతను వెళ్లాక అడిగాను, నీ చెయ్యి ఎందుకు పెట్టమన్నాడని. “నా చెయ్యి చిన్నది కదా, పరీక్ష చెయ్యడానికేమో” అంది. అలాగే అయ్యుంటుందనుకున్నాను. ఈ మధ్య నాకు ఎవరేం చెప్పినా అలాగే అయ్యుంటుందనిపిస్తోంది.


గురువారం. పాటు.

లోవ వదిన వాళ్ల దిమ్మెకి వెళ్లాను. మా దిమ్మెకీ వాళ్లదానికీ మధ్య ఒక చెక్క వంతెన, అంతే. లోవ వదిన, అబ్బులన్నయ్య ఇద్దరే ఉంటారు. పిల్లలు పెద్దవాళ్లై వేరే దిమ్మెలకి పోయారు. పిల్లల్లేని ఇంట్లో బాతులుండవు, అక్కడైతే విచారణ హాయిగా చూడొచ్చని నా ఆలోచన.

వరండాలో ఉండగానే జడ్జిగారి గొంతు వినిపించింది. లోపలికి వెళ్లి చాప మీద కూర్చున్నాను. పిల్లనగ్రోవి పాట మొదలైంది.

“ఇదేంటి?” అన్నాడు అబ్బులన్నయ్య. “మనింట్లో బాతులేంటే?”

“ఎన్నాళ్లయిందో వీటిని చూసి” అని లోవ వదిన నవ్వింది. “పిల్లబాతులెక్కువయ్యాయి కదా ముందటికన్నా?”

నేను లేచి వరండాలోకి వచ్చాను. జడ్జిగారి గొంతు తిరిగి వచ్చింది. లోపలికి వెళ్లాను. బాతులు. అబ్బులన్నయ్యకి ఇది ఆటలా ఉంది.

“ఓసారి బయటికెళ్లమ్మా. ఆఁ. ఇప్పుడు లోపలికి రా. ఆఁ! మళ్లీ ఎళ్లు.”

గుమ్మానికి అటూ ఇటూ నన్ను తిప్పుతూ ఉంటే నాకూ నవ్వొచ్చింది. కొంతసేపటికి ముందు లోవ వదిన నవ్వడం ఆపింది. తర్వాత ఆయన ఆపాడు. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు.

“ఊరంతటికీ గడప ఒకటే కదా” అంది లోవ వదిన మెల్లగా. “పక్కింటికెళ్లి చూసేత్తారని పిల్లల మొహాలు అన్ని గడపలకీ చెప్పి ఉంచుతారు.”

“నా మొహం పిల్లల్లో కలిసిపోయిందంటావా వదినా? యంత్రం కదా, పొరబడుతుంది.”

లోవ వదిన లేచింది. లోపలికి వెళ్లి గిన్నెలో పీతల పులుసు పోసి తెచ్చింది. “పిల్లకి పెట్టు. నువ్వూ తిను సత్యవేణీ. తింటున్నావా అసలు?”

తింటున్నానన్నాను. వంతెన మీద నడుస్తుంటే, నిన్న ఏం తిన్నానా అని ఆలోచించాను. గుర్తురాలేదు.


శుక్రవారం. పోటు, వాన.

రేవు దగ్గర గడపల ఆఫీసుంది. కౌంటర్లో దీవెన అనే అమ్మాయి. మొన్నటిదాకా మా ప్లాంటులోనే నీటి రుచి చూసే పని చేసేది. నన్ను చూసి లేచి నిలబడింది. నేను రాసుకున్నదంతా ముందు పెట్టాను. ఆమె గోడ మీద మా ఇంటి వివరాలు చూసి, గొంతు తగ్గించింది.

“మీ ఇంట్లో పెద్ద పెమ్మాడి తరంగిణి గారండి.”

“తరంగిణి నా కూతురు.”

“అవునండి. పిల్లల పట్టీలో మీ పేరుంది.”

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

“వయసు చూడడం మానేసి చాలాకాలమైందండి. తాగి పడిపోయే తండ్రులుండే ఇళ్లలో వయసు చూస్తే ఏం లాభమని మార్చారు. ఎవరు ఎవర్ని నిద్ర లేపుతున్నారు, ఎవరు ఎవరికి అన్నం పెడుతున్నారు, ఎవరు తిన్నారో లేదో ఎవరు చూస్తున్నారు, అది చూసుకుంటుంది గడప. చూసి, పెద్దరికం ఎవరిదో వాళ్లని అడుగుతుంది. ఒప్పుకుంటేనే ఇస్తుంది. పాపగారు ఒప్పుకున్నారు.”

“నేను తాగనమ్మా.”

“తెలుసండి.” ఆమె ముందుకి వంగి అడిగింది. “అక్కా, ఇంట్లో అన్నం ఎవరొండుతున్నారు?”

“అన్నమా? అన్నం ఉంటుంది” అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నా చెవికే వింతగా వినిపించింది. అన్నం ఉంటుంది. పొద్దున లేచేసరికి ఉంటుంది. ఉతికిన చీర మంచం మీద ఉంటుంది. దువ్వెన చేతిలో ఉంటుంది. ఎలా ఉంటాయవన్నీ? ఎండాకాలం నుంచి ఇప్పటిదాకా వెనక్కి తిరిగి చూస్తే నాకు గోడే కనపడుతోంది. గోడ మీద కట్ట. అదే కట్ట, అదే తుఫాను, మళ్లీ మళ్లీ.

“మార్చాలంటే ఎవర్ని అడగాలి?” అన్నాను.

“పెద్దవాళ్లు మీకిచ్చేస్తానంటే సరిపోతుందండి. లేకపోతే గడప తనంతట తను మార్చుకోవాలి. మేమేం చెయ్యలేం.” కౌంటర్ దాటి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. “సోమవారం లాకు గది బొమ్మ చూపిస్తారంట విచారణలో. అందరూ అదే అనుకుంటున్నారు. మీకు బాతులు రావడమే నయమేమో అక్కా.”

వానలో తడుస్తూ ఇంటికొచ్చాను. గొడుగు చేతిలోనే ఉంది. వెయ్యాలని తోచలేదు.


శనివారం. పాటు.

తరంగిణి బియ్యం కడుగుతోంది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఒక మునివేలు నీళ్లలో ముంచి ఎసరు కొలుచుకుంది, అచ్చం వెంకన్నబాబు కొలిచినట్టే. అది ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు.

“తరంగీ, పెద్దరికం నాకిచ్చెయ్యి” అన్నాను.

అది ఉలిక్కిపడలేదు. “ఎవరు చెప్పారు?” అంది.

“ఎవరైతేనేం. సోమవారం నేను విచారణ చూడాలి.”

“వద్దమ్మా.”

“మీ నాన్నకి ఏమైందో నేను తెలుసుకోవద్దా?”

“వద్దని కాదు. నువ్వు మళ్లీ అలా అయిపోతావు.”

“ఎలా?”

గిన్నె పొయ్యి మీద పెట్టి, మూత సర్దింది. “గోడ ముందే కూర్చుంటావు. కట్ట చూపిస్తే చూస్తావు. అయిపోతే మళ్లీ మొదట్నించీ పెట్టుకుంటావు. స్నానం చెయ్యవు. అన్నం పెడితే ముద్ద చేతిలోనే ఎండిపోద్ది. పోయిన వారం ఒకరోజు నేను బడి నుంచొచ్చి అమ్మా అన్నాను. నువ్వు నావైపు చూసి, ఎవరూ, అన్నావు.”

“నేనలా అనలేదు.”

“అన్నావమ్మా. ఆ రోజే గడప నన్నడిగింది. సరే అన్నాను.”

నాకు గుర్తులేదు. గుర్తులేకపోవడం మీద కోపమొచ్చింది. ఆ కోపం పిల్ల మీద పడింది. “నేను నీ అమ్మని! నువ్వు నాకు అడ్డం పెడతావా?” అని అరిచాను. గుమ్మం పైనుంచి ముసలమ్మ గొంతు వచ్చింది: “అరవకు తల్లీ. అలా చాప మీద కూర్చుని ఊపిరి పీల్చుకో.” నా వైపున్న దీపం ఒక్కటే వెలుగు తగ్గింది.

ఆ మసకలో నేను నిలబడ్డాను. పొయ్యి దగ్గర వెలుగులో నా కూతురుంది. అరిచింది నేనైతే, దాని పెదవి వణుకుతోంది. కానీ ఏడవలేదు. “కూర ఏం చెయ్యనమ్మా?” అని అడిగింది.


సోమవారం. పెద్ద పాటు.

విచారణ జరిగే చోటికే వెళ్దామనుకున్నాను. మనుషుల మొహాల ముందు బాతులు ఈదవు కదా. తరంగిణి బడికి వెళ్లాక రేవుకి బయల్దేరాను. మెరకకి వెళ్లే పడవ దగ్గర కటకటాల తలుపు నన్ను చూసి తెరుచుకోలేదు. “తోడు ఎవరొచ్చారమ్మా?” అని దాని మీది గడప అడిగింది. నా వెనక వరసలో ఉన్నవాళ్లు నవ్వుకున్నారు. ఒకాయన పాపం, తోడు నేనుంటానన్నాడు. తలుపు ఒప్పుకోలేదు. వెనక్కి తిరిగాను.

పాటుకి మా దిమ్మె బాగా కిందికి దిగిపోయింది. ముందువైపు నిచ్చెన నిట్టనిలువుగా ఉంది. అందుకని వెనక నుంచి, వంటగది కిటికీ పక్కగా వచ్చాను. లోపల గోడ వేసి ఉంది.

బాతులు లేవు. బూడిదరంగు గది ఒకటి, అందులో నడుము పైదాకా నీళ్లు, గోడవైపు తిరిగి పసుపు కోటు వేసుకున్న మనిషి. ఆ కోటు మోచేతి దగ్గర కుట్టింది నేనే.

గోడ ముందు తరంగిణి కూర్చుని ఉంది. బడి సంచీ వీపుకే ఉంది. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, నిటారుగా, కళ్లార్పకుండా చూస్తోంది.

బాతులు పిల్లలకే వస్తాయి. పెద్దలకి రావు. ఈ సంగతి నాకు ఎప్పటినుంచో తెలుసు, అందరికీ తెలుసు. శుక్రవారం దీవెన చెప్పినప్పుడు కూడా నా బాతుల గురించే ఆలోచించాను తప్ప, మరి తరంగిణికి అడ్డమెవరు పెడుతున్నారని ఒక్కసారైనా అనుకోలేదు.

లోపలికి పరిగెత్తాను. నేను గుమ్మంలో కాలు పెట్టగానే బాతులొచ్చి వెంకన్నబాబుని కప్పేశాయి. తరంగిణి వెనక్కి తిరిగింది.

“నువ్వు రేవుకెళ్లావనుకున్నాను” అంది.

“ఎంతసేపటి నుంచి చూస్తున్నావు ఇది?”

“మొదట్నించీ. బడిలో చెప్పే వచ్చాను, ఇంట్లో పనుందని.”

“ఎందుకే?”

అది నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. “ముందు పెద్దవాళ్లు చూసి, బాగుంటే పిల్లలకి చూపించాలి కదా. నేను చూసి, పరవాలేదనుకుంటే నీకు చూపిద్దామని.” దాని గొంతు సన్నబడింది. “బాలేదమ్మా.”

నేను దాని పక్కన కూలబడ్డాను. సంచీ పట్టీలు భుజాల మీంచి తీశాను. ఆ పట్టీల కింద గౌను చెమటతో తడిసి ఉంది.

“ఏం చూశావో చెప్పు” అన్నాను.

“నువ్వు చూడకూడదు కదా.”

“చూడను. నువ్వు చెబితే వింటాను.”

సంచీ ఒళ్లోకి లాక్కుంది. తర్వాత పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. బయటి తలుపు తుఫానుకి విరిగింది. లోపలి తలుపు తెరిస్తే నాన్న బయటపడేవాడు, కానీ నీళ్లు కాలవల్లోకి వచ్చి పాలెం కొట్టుకుపోయేది. తలుపు అవతల ఇద్దరు కాపలావాళ్లున్నారు. నాన్నే లోపల్నించి మీట లాగి గడియ వేశాడు, ఆ గడియ అవతల్నించే తెరుచుకుంటుంది. తెరవొద్దురా, ఎవరూ తెరవొద్దు, అని అరిచాడు. అది స్పష్టంగా వినపడింది. నిద్రపోలేదు. మరిచిపోలేదు.

“అంతేనా?” అన్నాను. నా గుండె ఒక్కసారి తేలికైంది. ఆ తేలిక నాకే అర్థం కాలేదు.

“అంతే కాదు.” అది నా చీర చెంగు పట్టుకుంది. “తర్వాత కొట్టాడమ్మా. తలుపు. నీళ్లు ఇక్కడిదాకా వచ్చాక. రెండు చేతుల్తో కొట్టాడు. తెరవండి, తెరవండన్నాడు. వాళ్లు తెరవలేదు. వద్దన్నాడు కదా అని తెరవలేదు.” నావైపు తిరిగింది. “వద్దని తనే చెప్పి, మళ్లీ ఎందుకు కొట్టాడమ్మా? ఏది నిజం మాట?”

పిల్లలకి ఏం చెప్పాలో అది ఎక్కడా రాసి ఉండదు. 

“భయమేసి కొట్టాడు” అన్నాను.

“నాన్నకి భయమెయ్యదు.”

“వేస్తుంది. నాన్నకి పాములంటే భయం, సూదంటే భయం. నీళ్లంటే కూడా ఆ రోజు భయమేసింది. అయినా గడియ వేశాడు. గడియ వేసినా భయం పోలేదు. రెండూ నిజమే తరంగీ. వద్దన్నదీ మీ నాన్నే, కొట్టిందీ మీ నాన్నే.”

“మరి నాన్న అబద్ధమాడలేదా?”

“లేదమ్మా.”

అప్పుడు ఏడ్చింది. తుఫాను తర్వాత అది ఏడవడం నేను చూడటం అదే మొదలు. అంతకుముందు ఏడ్చిందేమో, నేనే చూడలేదేమో తెలియదు. చిన్నప్పటిలాగా కాళ్లు కొట్టుకుని, ముక్కు నా చీరకి తుడుచుకుని, ఊపిరాడనంత గట్టిగా ఏడ్చింది. నేను ఏడవలేదు. నా వంతు తర్వాత వస్తుందిలే అనుకున్నాను. మధ్యాహ్నం ఎండ గుమ్మంలోకి వచ్చేసరికి నా ఒళ్లోనే నిద్రపోయింది.

దాన్ని చాప మీద పడుకోబెట్టి వంటగదిలోకి వెళ్లాను. లేచేసరికి ఏదో ఒకటి వండి పెట్టాలి. ఉప్పు డబ్బా కోసం పై అరలో చెయ్యి పెట్టాను. ఖాళీ. పప్పు డబ్బా లేదు, కారం లేదు, నూనె లేదు. పై అరలన్నీ ఖాళీగా ఉన్నాయి. కిందికి చూశాను. సామానంతా కింది అరల్లోకి దిగి వరసగా ఉంది, పదకొండేళ్ల పిల్ల చేతికందే ఎత్తులో. నేను నేల మీద కూర్చుని, ఒక్కొక్క డబ్బా మూత తీసి, ఏది ఎందులో ఉందో నేర్చుకున్నాను.

చారు కాచాను. ఉప్పెక్కువైంది. అది లేచి, మిగల్చకుండా తింది.

“పెద్దరికం నాకిచ్చెయ్యి” అన్నాను మళ్లీ. “చూడ్డానికి కాదు. నీకు అడ్డం పెట్టడానికి.”

తరంగిణి వేళ్లు నాకుతూ నన్ను పరీక్షగా చూసింది. “ఇంకొన్నాళ్లు చూద్దామమ్మా” అంది.

“సరే. అప్పటిదాకా నువ్వు విచారణ చూడకు.”

“నేను పెద్దని. చూడొచ్చు.”

“చూడొచ్చు. చూడకు.”

ఆలోచించి, చూడనంది.


గురువారం. పోటు.

నేనే లేపాను దాన్ని. జడ వెయ్యబోతే చిక్కులు. తను వేసుకున్నన్నాళ్లూ వెనకవైపు దువ్వలేకపోయినట్టుంది. కొబ్బరినూనె రాసి, ఓపిగ్గా విడదీశాను. “అబ్బా” అని అరిచింది. బడి పడవ దాకా వెళ్లాను. పడవలో పిల్లలు నన్ను చూసి గుసగుసలాడుకున్నారు.

లోవ వదిన వంతెన మీదే కలిసింది. విచారణ అయిపోయిందట. వెంకన్నబాబు తప్పేమీ లేదని జడ్జిగారు అన్నారట. “గడియ ఆయనే వేశాడంట సత్యవేణీ. ఊరు ఊరంతా ఆయన పెట్టిన భిక్షేనంట.” ఆమెకి తలుపు కొట్టిన సంగతి కూడా తెలుసు. కళ్లలో కనపడింది. 

తలుపుకి అవతలున్న ఆ ఇద్దరి గురించి ఆలోచిస్తున్నాను. వాళ్లకి ఏ బాతులూ రాలేదు. వాళ్లని చూడటానికి ఎప్పుడైనా వెళ్లాలి. ఏం మాట్లాడతానో తెలియదు.


ఆదివారం. పోటు. పొద్దుటి నుంచి కుండపోత.

ఈ రోజు నాకు ముందే మెలకువ వచ్చింది. గోడ దగ్గరకి వెళ్తే, ముసలమ్మ గొంతు కాకుండా మామూలు గొంతు పలికింది. “సత్యవేణి గారూ, వాన ఎక్కువగా ఉంది, నీళ్ల పీపాల మూతలు తీసి ఉంచండి” అంది. నన్ను గారూ అని పిలిచి ఎన్నాళ్లయిందో. పెద్దరికం గడపే మార్చుకుందా, తరంగిణి ఇచ్చిందా? అడిగితే, “నాకేం తెలుసు” అని దుప్పటి మొహం మీదికి లాక్కుంది. దుప్పటిలో నవ్వుతోందో ఏమో. సరిగ్గా తెలియలేదు.

విచారణ మొత్తం గోడలో ఉంది. కావాలంటే చూడొచ్చు. చూడలేదు. చూస్తానేమో ఒకరోజు, అది బడికి వెళ్లాక.

మధ్యాహ్నం బడి పిల్లలు అరడజను మంది వాన లెక్కచెయ్యకుండా వచ్చారు. రేవు దగ్గర పడవల మీంచి కాలవలోకి దూకే పందెమట. తరంగిణి అప్పటికే జడలు పైకి ముడేసుకుంది.

“వెళ్తున్నా” అంది నావైపు చూడకుండానే.

“వద్దు. ప్రవాహం ఎక్కువగా ఉంది.”

“అందరూ వెళ్తున్నారు.”

“అందరూ వెళ్లనీ. నువ్వొద్దు.”

నోరు తెరుచుకుని నావైపు చూసింది. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో వద్దనే మాట తనదే. ముక్కు పుటాలు ఎగిరాయి, మొహం ఎర్రబడింది. “ఎప్పుడు వెళ్లనిచ్చావు గనక! నువ్వెప్పుడూ ఇంతే!” అని నేల అదిరేలా నడిచి లోపలి గదిలోకి పోయి తలుపు విసురుగా వేసుకుంది. దిమ్మె మొత్తం ఊగింది.

పిల్లలు గుమ్మంలో భయంభయంగా నిలబడి ఉంటే, వాళ్లకి తలా ఒక జంతిక ఇచ్చి పంపేశాను. ఇది రాస్తుంటే లోపల్నించి ఇంకా వినపడుతోంది, పక్కవాళ్ల అమ్మలు ఎంత మంచివాళ్లో పేరు పేరునా చెబుతోంది. ఇంకాసేపు తిట్టుకోనిచ్చి, అన్నానికి పిలుస్తాను.